మా ఊళ్లో అందరూ ఓటేస్తారట

మా ఊరి గురించి మావాళ్ళు చెప్పుకునే గొప్ప ఒకటుంది. ఊరు చిన్నదే, మూడు వీధులు, వీధుల చివర సముద్రం. కానీ ఎన్నికలొచ్చాయంటే ఒక్క ఓటు మిగలదట, పడినవన్నీ ఒకే గుర్తు మీద పడతాయట. కలకత్తాలో మా సందులో పెళ్ళి భోజనమైనా దినం భోజనమైనా ఈ మాట రాకుండా ఎవరూ విస్తరి ముందు నుంచి లేవరు. "మాది కట్టున్న ఊరు" అంటారు. అంటే పెద్దలు చెప్పిన మాటని ఊరు దాటదని.

నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్ళ నుంచి ఒప్పుకోలేదు. అందుకే నేను వస్తున్నానంటే వడ్డించేవాళ్ళు కూడా పక్క వరసకి తప్పుకుంటారు. అందరూ ఓటేయడం వేరు, వేయని వాళ్ళు లెక్కలో లేకుండా పోవడం వేరు అని నేనంటాను. చదువుకున్నదాన్ని కాబట్టి అలాగే మాట్లాడతానని వాళ్ళంటారు. నాకూ ఈ మధ్య ఓపిక తగ్గింది. కాకపోతే మొన్నటి ఎన్నికల తర్వాత నా వాదానికి సాక్ష్యం నా ఇంట్లోనే దొరికింది. దొరక్కపోతే బాగుండేది.

ఇది ఒకే ఒక్క ఓటు సంగతి. మా అమ్మది.

మేం సోంపేట వైపు సముద్రపొడ్డు నుంచి కలకత్తా ఓడరేవుకి బరువులు మోయడానికి వచ్చినవాళ్ళ పిల్లలం. నాన్న రేవులో పనిచేసి ఇక్కడే పోయాడు. అమ్మ ముప్పై ఏళ్ళకు పైగా ఈ నగరం వీధులూడ్చి రిటైరయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్ళో బెంగాలీ చదువుతూ పెరిగాను. తెలుగు అక్షరాలు ఆదివారాలు నాన్న నేర్పాడు. డిగ్రీ అయ్యాక ఒక కాలేజీ లైబ్రరీలో చేరాను. ఇప్పుడు ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే.

మాలాంటి ఇళ్ళలో చాలామందికి ఓటర్ల జాబితాలో పేరు రెండు చోట్ల ఉండేది, ఊళ్లో ఒకటి, కలకత్తాలో ఒకటి. తప్పని తెలియక కాదు. తీయించుకోమని ఎవరూ అడగలేదు, అడగనిదే మేం ఏదీ చేయం. అయితే అమ్మ మాత్రం కలకత్తాలో ఏనాడూ ఓటేయలేదు. కారణం చెబుతాను.

కలకత్తా జాబితాలో అమ్మ పేరు మొదట చదివింది నేను, కాలేజీకి వెళ్ళే రోజుల్లో. మా ఇంట్లో నేను తప్ప బెంగాలీ చదవగలిగినవాళ్ళు లేరు. మా ఇంటి నంబరు, దాని కింద నాన్న పేరు, ఆ కింద ఫలానా ఆయన భార్య, ఆవిడ పేరుండాల్సిన చోట రెండే రెండు అక్షరాలు: ఏటి.

ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి డిగ్రీ అక్కర్లేదు. పేర్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా "నామ్ కీ?" అని అడిగి ఉంటాడు. అమ్మ కొత్తగా కాపురానికొచ్చింది, బెంగాలీ ముక్క రాదు. మా వైపు ఏమిటి అనరు, ఏటి అంటారు. "ఏటి?" అని ఉంటుంది. ఆయన రాసుకున్నాడు. అనుమానమొచ్చి మళ్ళీ అడిగినా మళ్ళీ అదే జవాబు వచ్చి ఉంటుంది కనుక అనుమానం తీరిపోయి ఉంటుంది. బెంగాలీలో ఆ మాటకి 'ఇది' అని అర్థం. మద్రాసీలు ఇలాంటి పేర్లే పెట్టుకుంటారు కాబోలు అనుకుని తర్వాతి గుమ్మానికి పోయి ఉంటాడు.

చదివి వినిపిస్తే అమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అయితే నానిక్కడ ఎయ్యను" అంది.

"మార్పిద్దాంలే."

"మారిస్తే మారుస్తారు. ఇన్నాళ్ళూ ఎవులికీ తెలీనే నేదు సూడు, ఆ ఇంట్లో మనిషికి పేరుందో నేదో."

మార్చమని రెండుసార్లు కాగితం పెట్టాను. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి 'ఏటి దేవి' అయి వచ్చింది. గౌరవం పెరిగింది, అంతే.

అందుకని ఎన్నికలొస్తే అమ్మ హౌరాలో రైలెక్కి ఊరు పోయేది. ఊరి జాబితాలో ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా ఉంది. బడిలో బల్ల ముందు నిలబడితే ఆ పేరు మొత్తం గట్టిగా చదువుతారు, కూర్చున్న ఏజెంట్లందరికీ వినపడాలని. జన్మలో ఇంకెక్కడా ఆవిడ పేరు అంత గట్టిగా ఎవరూ చదవలేదు. ఇక్కడ ముప్పై ఏళ్ళూ నంబరుతోనే హాజరు వేశారు. ఓటుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆ సంగతి చెప్పేది: "ఈసారి సదివినాయన గొంతు బాగుందే." ఎవరికి వేసిందో మాత్రం చెప్పేది కాదు.

ఒక్కసారి తప్ప.

మా ఊరి పద్ధతేమిటంటే, పోలింగుకి రెండు రోజుల ముందు పెద్దలు పడవల పాక కింద కూర్చుంటారు. ఏ గుర్తో తేలుస్తారు. తర్వాత ఒక మనిషి మూడు వీధుల్లోనూ చెప్పుకుంటూ పోతాడు. అమ్మ తమ్ముడు, అంటే మా మావ, ఆ పెద్దల్లో ఒకడు. పెద్దరికంలోకి వచ్చాక ఆయనకి ఊరి కట్టు అంటే సొంత పరువు. రెండు ఎన్నికల క్రితం బూత్‌ల వారీగా లెక్క బయటకొస్తే, చెప్పిన గుర్తుకి కాక అవతలి గుర్తుకి నాలుగు ఓట్లు పడ్డాయి. ఊరంతా ఆ నలుగురి కోసం వెతుకులాట. మావ కూతురి కూతురికి చెవులు కుట్టిన రోజున, భోజనాల దగ్గర, మావ ఇంకా అదే పాట పాడుతున్నాడు.

"ఎవులో తెల్వాల. తెలిస్తే అప్పుడు సెప్తాను."

అమ్మ చేపముక్కలో ముల్లు తీసుకుంటూ, "ఎందుకురా అంత ఎతుకులాట? ఒకటి నాదే" అంది.

మావ విస్తట్లోంచి తలెత్తాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

"అప్పా, పరాసికాలా?"

"పరాసికం కాదు. గట్టుకి రాయేయిస్తానన్నాడు ఆ గెలిసినోడు. అయిదేళ్ళు సూసినాను. ఏసినాడేటి? మన అమ్మ పాక సముద్రంలో కలిసిపోనాది. మళ్ళీ ఆడికే ఎయ్యమంటే ఎందుకేస్తాను?"

"ఊరు మాట ఉందా నేదా?"

"ఊరు మాట ఊరుది. ఏలు నాది." చూపుడువేలు పులుసులోంచి తీసి చూపించింది. అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు, అందరికన్నా చివర. ఆ నవ్వు గురించి నేను చాలా ఆలోచించాను.

ఆ తర్వాతి ఎన్నికలకి కూడా అమ్మ వెళ్ళింది, వేసింది, వచ్చింది. అది గుర్తుంచుకోవాలి.

ఇక ఇటీవలి సంగతి. కలకత్తాలో జాబితాలు సరిచేస్తూ ఇంటింటికీ తిరిగారు. మా సందుకి వచ్చినావిడ ఒక బడి పంతులమ్మ, చెమటతో తడిసిన సంచీ, చేతిలో కాగితాల కట్ట. నేను దీదీ అన్నాను, ఆవిడ అమ్మని మాసీమా, అంటే పిన్నిగారూ, అంది. విషయం సూటిగానే చెప్పింది: పేరు ఒక చోటే ఉండాలి. రెండు చోట్లా ఉంటే ఒకటి వదులుకోండి, ఏది వదులుకుంటారో ఇందులో రాసివ్వండి.

మూడు రోజులు అమ్మకీ నాకూ పోట్లాట.

"నువ్వుండేది ఇక్కడ," అన్నాను. "కుళాయి రాకపోతే ఇక్కడ రాదు. వానొస్తే నీళ్ళు ఈ గుమ్మంలోకొస్తాయి. ఆస్పత్రికి పోతే ఇక్కడ పోతాం. ఊరి పంపు పాడైతే నీకేంటి, బాగుంటే నీకేంటి?"

"ఇక్కడ ఏటి దేవి ఉంది కదా. ఆవిడ నేదు అని రాసీ."

"ఆ పేరు నేను సరిచేయిస్తాను. ఈసారి ఆఫీసు గుమ్మం ముందు కూర్చుంటాను."

"కూకో. నువ్వు కూకుంటే ఆళ్ళే లెగిసి పారిపోతారు." ఆ కాగితం నా వైపు తోసి అంది: "అమ్మీ, అక్కడ నాకు మిగిలిందేటి? భూమి నేదు, పాక నేదు. ఆ పేరొక్కటే ఉంది. అది కూడా నా సేత్తో కొట్టీమంటావా?"

వాదనలో నన్ను ఓడించినవాళ్ళు తక్కువ. అమ్మ వాదించలేదు, అందుకే ఓడిపోయాను. కలకత్తా పేరు తీసేయమని నేనే రాశాను, అమ్మ వేలిముద్ర వేసింది. దీదీ చీటీ చింపి ఇచ్చింది. అమ్మకి ఈ దేశంలో ఇక ఒకే చోట ఓటు, ఊళ్లో.

తర్వాత ఊళ్లో ఎన్నికలు వచ్చాయి. ప్రతిసారీ నెల ముందు నుంచే మావ ఫోన్లు మొదలయ్యేవి: అప్పా, బయల్దేరండి, ఫలానా రోజు బండి, మనోళ్ళందరూ వస్తన్నారు. ఈసారి మా సందులో అందరికీ ఫోన్లు వచ్చాయి. మాకు రాలేదు. నేను ఎత్తి చూపాను.

"మర్సిపోనాడు," అంది అమ్మ.

"పక్కింటికి చేశాడు. ఎదురింటికి చేశాడు."

"మనం ఎలాగూ వస్తామని తెలుసు కదా, అందుకు సెయ్యలేదు. నీకు అన్నిట్లోనూ ముల్లే."

పొద్దున్న బండికి వెళ్ళాం. అమ్మ మోకాళ్ళు బాగా లేవు, హౌరాలో ప్లాట్‌ఫారం చివరిదాకా నడవడానికి మూడుచోట్ల కూర్చుంది. పెట్టెలో సగం మావాళ్ళే. ఒరిస్సా పొడుగునా ముంతకింద పప్పు, తగాదాలు. మా సందు చివర ఇస్త్రీ బండి నడిపే ఆయన వెనక సీటు మీంచి తల పెట్టి అడిగాడు: "ఏటి పిన్నీ, ఈసారి ఎటు ఏస్తన్నావు?"

"నీ నెత్తి మీద ఏస్తాన్రా. బోలెడు సోటుంది."

ఆయన బట్టతల నిమురుకుని, "ఊరు మాట దాటకు పిన్నీ" అన్నాడు, నవ్వుతూనే. అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆవిడ సంతోషంగా ఉందని నాకు తెలుసు. నేనే, ఈ వయసులో ఈ ఎండలో ఇంత దూరం ఒక మీట నొక్కడానికి పోవడమేమిటని విసుక్కుంటూ ఉన్నాను.

పలాసలో దిగి ఆటోలో ఊరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. మావ వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. ఆటోలోంచి దిగుతున్న అమ్మని చూసి లేచి నిలబడ్డాడు.

"అప్పా! ఎందుకొచ్చినావు?"

మా వైపు చుట్టం దిగితే అడిగేది ఎప్పుడొచ్చినావు అని. దిగుతూ ఉండగా కళ్ళారా చూసినా సరే, అదే అడుగుతారు. ఎందుకొచ్చినావు అని శత్రువుని కూడా అడగరు. ఆయనకీ ఆ సంగతి స్ఫురించినట్టుంది, "మోకాళ్ళు బానేవు కదా, ఈ తిప్పలు ఎందుకని" అని కలిపాడు. మంచం వాల్చాడు. అత్త రొయ్యలు వండింది. ఊరు మాట ఏ గుర్తో చెప్పాడు. అమ్మ ఊకొట్టింది. చెప్పాల్సిన ఇంకో ముక్క మాత్రం ఆ పూట ఆయన నోట రాలేదు.

పొద్దున్నే అమ్మ స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. బడి బయట చీటీలిచ్చే బల్ల దగ్గర మావ కొడుకే కూర్చున్నాడు. జాబితా పైనించి కిందికి చూశాడు, కింది నుంచి పైకి చూశాడు.

"అత్తా... నీ పేరు నేదు."

"సరిగా సూడ్రా. నీకు సిన్నప్పట్నుంచీ కళ్ళు ఆనవు."

"నేదత్తా."

నేను జాబితా లాక్కుని చూశాను. లేదు. లోపలికి వెళ్ళాను. ఊరి పేర్లు రాసే ఉద్యోగి ఒక చిన్నపిల్ల, పక్క ఊరిది, మర్యాదగానే మాట్లాడింది. పోలింగు రోజున ఆ పిల్లని సతాయించినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఊళ్లో ఉండటం లేదు, వెళ్ళిపోయారు అని తొమ్మిది మంది పేర్ల మీద కాగితాలొచ్చాయట. విచారణకి నోటీసు ఇంటికే ఇచ్చారట, ఎవరూ బదులు చెప్పలేదట. ఏ ఇంటికి? ఊళ్లో అమ్మకి ఉన్న చిరునామా మావ ఇల్లే. కాగితాల మీద సంతకం ఎవరిదమ్మా అంటే ఆ పిల్ల బల్ల మీదికి చూస్తూ చెప్పింది. మావది.

బడి వెనక, నీళ్ళ డ్రమ్ము పక్కన ఆయన్ని పట్టుకున్నాను.

"ఏం మావా ఇది?"

"ఓలమ్మ, మెల్లగా. జనం ఉన్నారు."

"జనం ఉండాలనే అడుగుతున్నాను."

"రానోళ్ళ పేర్లు జాబితాలో ఉండిపోతే మన ఊరి శాతం పడిపోతాదమ్మా. పోయినసారి పక్కూరు మనకంటే పైకెల్లిపోనాది. నాయకుడు నలుగుర్లో అడిగినాడు, ఏటి మీ కట్టు వదులైపోనాదా అని. తల ఎత్తలేకపోనాను. అందుకే ఊళ్లో ఉండనోళ్ళని తీయించినాను."

అదండీ సంగతి. అందరూ ఓటేసే ఊరు అలా తయారవుతుంది. వేయలేని వాళ్ళని ముందే కొట్టేస్తే మిగిలినవాళ్ళు అందరూ అవుతారు. నా ఇరవై ఏళ్ళ వాదం ఒక్క వాక్యంలో మావే ఒప్పుకున్నాడు, నేను గెలిచాను. గెలిచినట్టు లేదు.

"ఆ తొమ్మిదిలో ఎనమండుగురు పోయినసారి రాలేదు," అన్నాను. "అమ్మ వచ్చింది. నీ ఇంట్లోనే దిగింది."

"ఆ మోకాళ్ళతో మళ్ళీ రానేదనుకున్నాను. మొన్న నాను కలకత్తా వచ్చినప్పుడు సూసినాను కదా, మెట్లెక్కనేక ఏడిసింది. ఇంక పెయాణాలు ఒద్దప్పా అని నానే సెప్పినాను. అడుగు."

అది నిజమే. చెప్పాడు. ఆ రోజు అమ్మ కాళ్ళకి కొబ్బరినూనె రాసింది కూడా ఆయనే.

"రాత్రి ఎందుకు చెప్పలేదు?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎందుకు తిరిగాయో కూడా నాకు తెలియదు.

తిరిగి వచ్చేసరికి అమ్మ బడి అరుగు మీద కూర్చుని ఉంది. ఆడవాళ్ళు సిరా వేళ్ళు ఆరబెట్టుకుంటూ బయటకొస్తున్నారు. అమ్మ ఈడుదొకావిడ ఆగి, "ఏయే, నీ ఏలు సూపించు, నాకు మరీ పులిమీసినారు" అంది. అమ్మ చెయ్యి కొంగులో దాచుకుని, "నాకు కొంచివే పెట్టినారు" అంది. నా ఎదురుగా అమ్మ అబద్ధమాడటం నేను అంతకు ముందు చూడలేదు.

సాయంత్రం మావ వాకిట్లో ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్క చదివారు. ఒక్క ఓటు మిగలలేదు. పక్కూరు కిందికి పోయింది. టపాకాయలు కాల్చారు. అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది.

కలకత్తా వచ్చాక కొత్తగా పేరు చేర్పించడానికి ఫారం తెచ్చాను. టీవీ పక్కన పెట్టాను, అక్కడే ఉంది. వేలిముద్ర కోసం అడిగితే "సూద్దాం" అంటుంది. ప్రస్తుతానికి మా అమ్మ ఏ జాబితాలోనూ లేదు. కలకత్తాది తీయించింది నేను, అదీ చెప్పుకోవాలి.

ఆదివారం ఆదివారం అక్కాతమ్ముళ్ళు ఫోనులో మాట్లాడుకుంటారు. గాలివాన ఎలా ఉంది, చేప పడుతోందా, పిల్ల నీళ్ళోసుకుందట కదా. ఆ సంగతి తప్ప అన్నీ. నేనొకసారి ఫోను లాక్కోబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అడక్కు."

"ఎందుకడక్కూడదు? సమాధానం తెలియాలి."

"నువ్వడిగితే ఆడు సెప్పీగలడు. సెప్పీసినాక నాకు తమ్ముడుంటాడా?"

కాబట్టి అడగలేదు. అడగకుండా ఉండటం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. పని నుంచి బస్సులో వస్తూ ఆయన తరఫున వాదిస్తాను, ఇంటికొచ్చేలోపు ఆయన మీదే వాదిస్తాను, రెండు వైపులా నేనే అలిసిపోతాను. ఆయన ఇంటికి చేరిన ఆ నోటీసు, మాకు రాని ఆ ఫోను, వాకిట్లో ఆ మొదటి మాట, నూనె రాసిన ఆ చేతులు. తూకం ఎటూ వాలదు. నాకు కావలసింది క్షమాపణ కాదు, ఒక్క జవాబు. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మావ అనుకున్నదేమిటి, అమ్మ ఇక ఎలాగూ రాలేదనా, వచ్చి మళ్ళీ ఊరు మాట దాటుతుందనా?